ముప్పై మూడేళ్లకు మొటిమలు: బరంపురంలో నా ఏడాదిన్నర

పోయిన గురువారం డాక్టరమ్మ నా గడ్డం పట్టుకుని, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలు" అన్నారు. బయటికొచ్చి స్కూటీ దగ్గర నిలబడి ఏడ్చేశాను. ఏడాదిన్నర ఈ మాట కోసమే తిరిగాను. ఆ కష్టం పచ్చిగా ఉండగానే రాసేయాలని కూర్చున్నాను.

మాది బరంపురం. ఒడిశాలో ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. ఇచ్ఛాపురం బస్సెక్కితే కాసేపట్లో ఆంధ్రా. పదకొండేళ్లుగా ఒక పట్టుచీరల కొట్లో పని చేస్తున్నాను. పెళ్లయింది, ఎనిమిదేళ్ల పాప ఉంది. కాలేజీ రోజుల్లో నాకు ఒక్క మొటిమ లేదు. ముప్పై మూడో ఏట, వానాకాలంలో మొదలయ్యాయి. నుదుటి మీద కాదు, దవడ అంచు వెంబడి, గడ్డం కింద. పైకి చిన్నగా కనిపించినా లోపల గోలీలా గట్టిగా ఉండి, చెయ్యి తగిలితే ప్రాణం పోయేది. నెలసరికి వారం ముందు రెండు మూడు లేచేవి. అవి అణిగేలోపు మళ్లీ నెల తిరిగొచ్చేది.

ఒడియాలో మొటిమను బ్రొణొ అంటారు. మన తెలుగులో వ్రణం అంటే పుండు. నాకు లేచినవాటికి తెలుగు అర్థమే సరిపోయింది.

ఇంటి వైద్యం గురించి ఎక్కువ చెప్పను. వేపాకు ముద్ద, పసుపు, ముల్తానీ మట్టి అన్నీ అయ్యాయి. మా అత్తగారు "ఒంట్లో వేడమ్మా" అని రోజూ సబ్జా నీళ్లు ఇచ్చేవారు. నిమ్మరసం ఒక్కసారి రాసి, మంట తట్టుకోలేక కడిగేశాను. ఏదీ పని చేయలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

దసరాకు వారం ముందు కొట్లో గిరాకీ బాగా ఉంది. పెళ్లి చీరల కోసం ఒక కుటుంబం వచ్చింది. నలుగురు ఆడవాళ్లు, తెలుగువాళ్లే. యజమాని నాతో ఒడియాలో మాట్లాడటం విని నేనూ ఒడియా మనిషిననుకున్నారు. కుంభం అంచు ఉన్న ఎర్ర చీర విప్పి, పైట ఎలా పడుతుందో చూపించడానికి భుజం మీద వేసుకున్నాను. మా కొట్లో అందరం అలాగే చూపిస్తాం. వాళ్లలో పెద్దావిడ పక్కావిడతో, "ఆ మొహమేంటే, ఏదో అంటురోగంలా ఉంది. ఆ చీర వద్దు, ఆవిడ ఒంటికి తగిలింది" అంది. పెళ్లికూతురు నా వంక చూసి చూపు తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నాకు తెలుగు వచ్చని చెప్పడానికి నోరు పెగల్లేదు. చీర మడత పెట్టి, ఇంకొక అమ్మాయిని పిలిచి లోపలికి వెళ్లిపోయాను.

సాయంత్రం యజమాని పిలిచి, "అమ్మాయ్, పండగ అయ్యేదాకా లోపల స్టాకు చూసుకో" అన్నారు. గట్టిగా అనలేదు, మెల్లగానే అన్నారు. కానీ పదకొండేళ్లు ఆ కౌంటరు మీద నిలబడ్డాను. జరీని వేలితో తడిమి ఏది అసలుదో ఏది కాదో చెప్పగలను. మా కొట్లో ఆ పని నా అంత బాగా చేసేవాళ్లు లేరు, ఇప్పటికీ లేరు. అలాంటి మనిషిని దవడ మీద నాలుగు గడ్డలు లేచినందుకు గోడౌన్లో కూర్చోబెట్టారు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ మందుల షాపు ముందు బండి ఆపాను. స్కార్ఫ్ తీసి మొహం చూపించాను. కౌంటరు మీదున్న కుర్రాడు ఒక్క ప్రశ్న అడగలేదు. వెనక్కి తిరిగి ఒక ట్యూబు తీసి, "దిదీ, రాత్రి రాసుకో, వారంలో క్లియర్" అన్నాడు. డాక్టర్ చీటీ లేదు, బిల్లు లేదు.

నిజంగానే వారంలో క్లియర్ అయింది. గడ్డలు అణిగిపోయాయి, ఎరుపు పోయింది, రంగు కూడా తేలింది. దీపావళికి యజమాని మళ్లీ కౌంటరు మీదికి పిలిచారు. పిన్ని కూతురు పట్టుబట్టి అడిగితే ట్యూబు పేరు చెప్పాను. కొట్లో ఇంకో ఇద్దరికి చెప్పాను. ఆ ముగ్గురికీ నా నోటితో చెప్పానన్న బాధ నాకు ఇంకా పోలేదు.

మూడో నెల నుంచి తేడా తెలిసింది. ఒక్క రాత్రి రాయకపోతే పొద్దున్నకు మొహం భగ్గుమనేది, దురద. రాస్తే గంటలో చల్లబడేది. అందుకే క్రీమే నన్ను కాపాడుతోందనుకున్నాను. ఐదో నెలకు ముక్కు పక్కన సన్నటి ఎర్ర నరాలు కనబడ్డాయి. బుగ్గల మీద నూగు వచ్చింది. ఇంతకు ముందు దవడకే పరిమితమైనవి ఇప్పుడు బుగ్గలంతా ఆవగింజల్లా, అన్నీ ఒకే సైజులో లేచాయి. పొయ్యి దగ్గర నిలబడలేను, ఎండలో రోడ్డు దాటలేను. అప్పుడు నేను చేసిందేమిటంటే ఇంకో ట్యూబు కొన్నాను.

మధ్యలో ఒక పార్లర్‌కు కూడా వెళ్లాను. ఆవిరి పట్టి, గోళ్లతో నొక్కి తీసింది. ఆ గుంట మచ్చలు రెండు ఇప్పటికీ ఉన్నాయి, అవి పోవని డాక్టరమ్మే చెప్పారు. మొటిమను ఎవరినీ గిల్లనివ్వకండి.

తర్వాత ఒక ప్రైవేటు డాక్టరు. రెండు గంటలు కూర్చోబెట్టి నిమిషం చూశారు. సబ్బు, సీరం, మాత్రలు, ఇంకేవో, నాలుగు వేల పైచిలుకు. అన్నీ ఆయన సొంత కౌంటర్లోనే కొనాలి. ఇప్పటిదాకా మొహానికి ఏం రాస్తున్నావమ్మా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. రోగిని ఆ ఒక్క మాట అడగని డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లకండి, ఎంత పేరున్నవాడైనా సరే.

చివరికి మా ఆయన పొద్దున్నే లేపి, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీదున్న మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. ఓపీ చీటీ, క్యూ, అన్నీ మామూలే. డాక్టరమ్మ మొహం చూడగానే అడిగిన మొదటి మాట, "ఏం క్రీము రాస్తున్నారు?" పేరు గుర్తు లేదన్నాను. "రేపు ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ పట్టుకు రండి" అన్నారు.

మర్నాడు సంచిలో అన్నీ తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. ఆమె ఆ ట్యూబు తీసి, దాని వెనక చీమంత అక్షరాల మీద పెన్ను మొన ఆనించి ఒక్కొక్కటే చదివించారు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటసోన్. "ఈ మూడోది స్టెరాయిడ్" అన్నారు. స్టెరాయిడ్ వాపును నొక్కేస్తుంది, అందుకే మొటిమ తగ్గినట్టు కనిపిస్తుంది. రక్తనాళాలను బిగిస్తుంది, అందుకే తెల్లబడినట్టు ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, నరాలు బయటపడతాయి, నూగు పెరుగుతుంది, స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి. ఆపితే బిగిసిన నాళాలన్నీ ఒక్కసారి తెరుచుకుని మొహం మండుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ అదే రాస్తాం. పైన పటారం లోన లొటారం అంటారే, నా మొహం అదే.

2018 మార్చిలోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల్లో చేర్చిందని కూడా ఆమే చెప్పారు. ఇంటికెళ్లి అట్టపెట్టె వెతికి చూశాను. చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక దాని మీద అచ్చేసే ఉంది. నేను చదవలేదు, అది నా తప్పు. కానీ రోజుకు వంద పెట్టెలు చేత్తో తీసిచ్చేవాడికి అది కనబడలేదంటే నేను నమ్మను. చదువుకున్నవాళ్లు నాలుగు డబ్బుల కోసం ఆడపిల్లల మొహాలతో ఆడుకోవడం పాపం. వాళ్ల ఇంట్లో ఆడపిల్ల మొహానికి అది రాయనిస్తారా?

క్రీము ఆపిన తర్వాతి ఆరు వారాలు నేను మర్చిపోలేను. నాలుగో రోజుకు మొహం కందిపోయి, వాచి, కళ్లు చిన్నవైపోయాయి. తడిగుడ్డ వేసుకుని ఫ్యాను కింద పడుకునేదాన్ని. పాప దగ్గరికొచ్చి ముద్దు పెట్టబోతే వద్దనేదాన్ని, ఆ తడి తగిలినా మండేది. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో బుడి ఠాకురాణి అమ్మవారి యాత్ర. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, ఊరంతా రాత్రిళ్లు వీధుల్లోనే ఉంటుంది. పులివేషాల డప్పులు మా వీధి చివర మోగుతుంటే నేను తలుపులు వేసుకుని కూర్చున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను చూడని యాత్ర అదొక్కటే. అన్ని రాత్రుల్లోనూ అట్టడుగున దాచిన ఆ ట్యూబు గుర్తొచ్చేది. ఒక్క రాత్రి రాస్తే పొద్దున్నకు చల్లబడుతుందని తెలుసు. చివరికి మా ఆయన చేతికిచ్చి పారేయమన్నాను.

ఆ రోజుల్లో డాక్టరమ్మ ఇచ్చినవి తక్కువే. వాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర. ఆ మాత్ర నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకుని వెంటనే పడుకోకూడదు, ఒంటికి ఎండ తగలనివ్వకూడదు. సబ్బు వద్దు, పసుపు వద్దు, ఆవిరి వద్దు. మందు రాయకుండా ఉండటమే వైద్యమంటే మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు.

నెలసరి సరిగ్గా వస్తోందా, అవాంఛిత రోమాలు, బరువు పెరగడం లాంటివి ముందు నుంచీ ఉన్నాయా అని అడిగారు. లేవన్నాను. అయితే స్కానింగ్ అక్కర్లేదన్నారు. పక్కింటి వదినకు పీసీఓఎస్, అంటే అండాశయాల్లో హార్మోన్ల తేడా, ఉంది కాబట్టి నీకూ అదేనని చెప్పినవాళ్లు ఆ ఏడాది నాకు పది మంది దొరికారు.

రెండున్నర నెలలకు ఎరుపు తగ్గింది. దవడ మీది పాత గడ్డలు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడు మొదలైంది అసలు మొటిమల వైద్యం. పిల్లల కోసం చూస్తున్నారా అని ముందే అడిగారు, ఎందుకంటే ఇవ్వబోయే జెల్లు గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. అడాపలీన్ 0.1 శాతం, రాత్రి పడుకునే ముందు, బఠాణీ గింజంత. మొటిమ మీద కాదు, మొహమంతా పల్చగా. రేపు లేవబోయే మొటిమను లోపలే ఆపడం దాని పని కాబట్టి, లేచినదాని మీద ఒత్తి రాస్తే లాభం లేదు. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, నెల తర్వాత రోజు విడిచి రోజు. మూడో వారం పొట్టు రాలింది, కొత్తవి కూడా లేచాయి. మళ్లీ అదే కథ అని వణికిపోయాను. అది మామూలేనని ముందే చెప్పి ఉండకపోతే ఆపేసేదాన్ని. ఫలితం పన్నెండో వారానికి కనిపించింది. ఆ వారం నెలసరికి ముందు ఒక్కటే లేచింది.

దానితో పాటు మొటిమల్లోని బ్యాక్టీరియాను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం కూడా ఇచ్చారు, సాయంత్రం దవడకు రాసి ఐదు నిమిషాలకు కడిగేయాలి. ఇది బట్టల రంగు తినేస్తుంది. మా అత్తగారి నీలం తువ్వాలు మీద తెల్లటి మరకలు పడితే సర్ఫ్ అనుకున్నాం. నేను పట్టుచీరలు పట్టుకునే మనిషిని కాబట్టి ఇది పొద్దున ముట్టుకోను. కొట్టు నుంచి వచ్చాకే రాస్తాను, మోచేతుల దాకా కడుక్కుంటాను. మీరూ తెల్ల తువ్వాలే వాడండి.

ఇంకొకటి నాకు ఎవరూ చెప్పలేదు, నేనే పట్టుకున్నాను. స్కూటీ మీద మొహానికి బిగించే స్కార్ఫ్ వారమంతా ఒకటే కట్టేదాన్ని. బరంపురం ఉక్కపోతకు అది గడ్డం దగ్గర తడిసి, రాసుకుంటూ ఉండేది. ఇప్పుడు ఆరు స్కార్ఫులున్నాయి, రోజుకొకటి ఉతుకుతాను. రాత్రి తలకు కొబ్బరినూనె పెట్టి పడుకోవడం కూడా మానేశాను. నెల ఖర్చు ఐదారు వందలు దాటదు. నల్ల మచ్చలు మాత్రం మొండివి, ఇంకా పోతున్నాయి. సన్‌స్క్రీన్ మానేస్తే మళ్లీ చిక్కబడుతున్నాయి కూడా.

పిన్ని కూతురికి, కొట్లో ఆ ఇద్దరికీ వెళ్లి చెప్పాను. ఇద్దరు ఆపేశారు. మూడో అమ్మాయి నాతో మాట్లాడటం ఆపేసింది.

మొన్న శనివారం జెల్లు అయిపోతే చీటీ పట్టుకుని అదే షాపుకు వెళ్లాను, దగ్గర్లో ఇంకోటి లేదు. నా ముందు ఒక అమ్మాయి, ఇరవై ఉంటాయేమో, మాస్కు కిందికి లాగి మొహం చూపిస్తోంది. కుర్రాడు వెనక్కి తిరిగి అదే అరలో చెయ్యి పెట్టాడు. "అమ్మా, అది తీసుకోకు, అందులో స్టెరాయిడ్ ఉంది" అని తెలుగులో అన్నాను. అర్థం కాలేదేమోనని మళ్లీ ఒడియాలో చెప్పాను. నా ముక్కు పక్కన ఇంకా మిగిలిన ఎర్ర గీతలు దగ్గరగా వంగి చూపించాను. కుర్రాడు, "దిదీ, మీకు పడలేదు, అందరికీ అలా కాదు" అన్నాడు. ఆ పిల్ల నా మొహం చూసింది, ట్యూబు చూసింది. డబ్బులిచ్చి, ట్యూబు పర్సులో వేసుకుని, మాస్కు పైకి లాక్కుని వెళ్లిపోయింది.