బెర్లియోజ్ ఏ బ్లాక్‌లో ఉంటాడు?

'ఊపిరి' చూసిన చెన్నై తెలుగువాళ్లూ, దాన్నే 'తోళా'గా తమిళంలో చూసినవాళ్లూ, మూలమైన ఫ్రెంచ్ సినిమా 'ఆంతూషాబ్ల్'ని చాలావరకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తోనే చూసుంటారు. కథ అర్థమవుతుంది, సగం నవ్వు మాత్రం పోతుంది. ఇద్దరు మనుషుల మాటతీరులో ఉన్న తేడా మీదే ఈ సినిమా నడుస్తుంది. అపార్ట్‌మెంట్ హాల్లో పదిమంది మనవాళ్లకి వేసి చూపించాలనుకుంటే తెలుగు సబ్‌టైటిల్స్ నేరుగా ఫ్రెంచ్ నుంచే రాసుకోవాలి. నుంగంబాక్కం అలయన్స్ ఫ్రాంసేజ్‌లో ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లు ఒక్కరు దొరికితే చాలు.

దర్శకులు ఒలివియే నకాష్, ఎరిక్ తొలెదానో జంటగానే రాస్తారు, జంటగానే తీస్తారు. 1993లో పారాగ్లైడింగ్ చేస్తూ పడిపోయి మెడ కింద చచ్చుబడిన ఫిలిప్ పోట్సో ది బోర్గో, ఆయన్ని చూసుకున్న అబ్దెల్ సెల్లూ, ఈ ఇద్దరి మీద వచ్చిన డాక్యుమెంటరీ చూసి వాళ్లు కథ పట్టుకున్నారు. అబ్దెల్ అల్జీరియా మనిషి. నటుడు ఒమర్ సీ కోసం రాసుకున్నారు కాబట్టి సినిమాలో ఆ పాత్ర సెనెగల్ నుంచి వచ్చిన డ్రిస్ అయింది. సీ పెరిగింది పారిస్ శివారు ట్రాప్‌లో. ఆ శివారు యాస అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఎదురుగా ఫిలిప్ వేషం వేసిన ఫ్రాంస్వా క్లూజేకి తల తప్ప ఏదీ కదలదు. కళ్లు, గొంతు, పుస్తకంలా పలికే భాష, ఇవే ఆయన ఆస్తి. 2012లో ఉత్తమ నటుడిగా ఫ్రెంచ్ సినిమా అవార్డు సెజార్ సీకి వచ్చింది. న్యాయమే. కానీ క్లూజే అంత నిశ్చలంగా కూర్చోబట్టే ఆ దూకుడు కంటికి ఆనింది.

డ్రిస్ ఉద్యోగానికి వచ్చిన ఇంటర్వ్యూ సీన్ చూడండి. బెర్లియోజ్ తెలుసా అని ఫిలిప్ అడుగుతాడు, సంగీతకారుడి గురించి. డ్రిస్‌కి తెలిసిన బెర్లియోజ్ ఒక హౌసింగ్ కాలనీ. అక్కడ నీకెవరు తెలుసు, ఏ బిల్డింగ్ అని ఎదురడుగుతాడు. ఇక్కడ మనకి ఒక ఆశ పుడుతుంది: త్యాగరాజు తెలుసా అంటే టీ నగర్‌లో ఏ వీధి అన్నట్టు మార్చేద్దామని. మార్చకండి. తెర మీద పారిస్ కనిపిస్తుంటే కింద టీ నగర్ అతకదు. పైగా టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, ఆ పేరులోని త్యాగరాయ సెట్టి గారు వేరే మనిషి. "బెర్లియోజ్‌లో మీకెవరు తెలుసు? ఏ బ్లాక్?" అని రాస్తే సరిపోతుంది. 'బ్లాక్' అన్న మాట పడగానే నవ్వు దానంతటదే వస్తుంది.

ఫ్రెంచ్‌లో 'తు', 'వూ' అని మన నువ్వు, మీరు లాంటివే ఉన్నాయి. ఇంగ్లీష్‌లో రెండూ ఒకటైపోతాయి. కాబట్టి ప్రతి సీన్‌లో చెవి పెట్టి విని, ఎవరు ఏది అంటే అదే రాయాలి. డ్రిస్ మొరటువాడు కదా అని ముందే 'నువ్వు' పెట్టేస్తే పాత్ర పాడవుతుంది. అతనికి నెల్లూరు యాసో, చిత్తూరు యాసో కూడా వద్దు. అతను సిటీ కుర్రాడు, పొట్టి వాక్యాలు చాలు. 'ఊపిరి'కి అబ్బూరి రవి, 'తోళా'కి రాజు మురుగన్ విడివిడిగా మాటలు రాశారు. రెండు భాషల్లోనూ అవి సొంత మాటల్లా వినిపించడానికి కారణం అదే.

ఇక టైమింగ్. ఫ్రెంచ్ డీవీడీ సెకనుకి 25 ఫ్రేముల మీద నడుస్తుంది, బ్లూరే 24 మీద. 112 నిమిషాల సినిమా డీవీడీలో సుమారు 107 నిమిషాలకే అయిపోతుంది. బ్లూరే చూసి కట్టిన సబ్‌టైటిల్ ఫైలుని డీవీడీకి వేస్తే మొదటి మాట సరిగ్గానే పడుతుంది, చివరికొచ్చేసరికి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ కీలు నొక్కితే మొత్తం ఒకేలా జరుగుతుంది తప్ప ఈ సాగుడు పోదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చి సేవ్ చేయాలి. సేవ్ చేసేటప్పుడు తెలుగు అక్షరాలు నిలిచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్ ఎంచుకోకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి.

వరుసకి నాలుగైదు మాటలు, రెండే వరుసలు. మన ఒత్తులు కిందికి దిగి రెండో వరుస గుడులకి తగులుతాయి, అందుకే వరుసల మధ్య ఎడం కాస్త పెంచండి. ప్రొజెక్టర్ మీద ఒక్క సీన్ ముందే వేసి వెనక కుర్చీలోంచి చదివి చూడండి.

చివర అసలు ఫిలిప్, అబ్దెల్ కనిపిస్తారు, వాళ్ల గురించి తెర మీద నాలుగు ముక్కలు వస్తాయి. డైలాగ్ కాదు కదా అని వాటిని వదిలేస్తుంటారు. అవి తప్పకుండా రాయండి, అప్పటిదాకా హాల్లో లైట్లు వేయకండి.