ఉబుంటు తీసి ఫెడోరా వేస్తే గ్రబ్‌లో ఏం మార్చుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ల్యాప్‌టాపుల్లోనో కాలేజీ ల్యాబుల్లోనో విండోస్ పక్కనే లినక్స్ నడుపుకునేవాళ్ల కోసం ఇది. ఉబుంటు తీసి ఫెడోరా వేసేటప్పుడు గ్రబ్ (ఆన్ చేయగానే ఏ ఓఎస్ ఎక్కాలో మెనూ చూపే ప్రోగ్రాం) సెట్టింగ్‌లుండే పాత /ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచి, కొత్తదాంట్లో అలాగే పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకండి. గ్రబ్ అదే, ఫైలు ఉండే చోటూ అదే, కానీ మెనూ తయారయ్యే తీరు వేరు. ఉబుంటు ఫైల్లో మామూలుగా టైమవుట్ 0, స్టైల్ హిడెన్ అని ఉంటాయి. ఫెడోరాలో అవి పడితే మెనూ కనబడకుండానే దాటిపోతుంది, విండోస్ పోయిందని కంగారు పడతారు. పాత ఫైలు చూసి మెనూ ఎన్ని సెకన్లు ఆగాలి, ఏది ముందు ఎక్కాలి, కెర్నల్‌కు (లినక్స్‌లో అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాం) ప్రత్యేకంగా ఏ ఆప్షన్ ఇచ్చారు అన్నది కాగితం మీద రాసుకుంటే చాలు.

ఇన్‌స్టాల్‌కు ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో ఎక్కి /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే పెన్‌డ్రైవ్ యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి)లో ఎక్కినట్టు, లేకపోతే లెగసీ (పాత బయోస్ పద్ధతి)లో ఎక్కినట్టు. విండోస్ ఒక పద్ధతిలో, ఫెడోరా ఇంకో పద్ధతిలో పడితే గ్రబ్ మెనూ నుంచి విండోస్ ఎక్కదు. విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు వేసే తాళం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే తీసి పెట్టుకోండి. గ్రబ్ మీదుగా వెళ్తే అది కీ అడగవచ్చు.

మెనూను మళ్లీ రాయించడానికి ఉబుంటులో అలవాటైన అప్‌డేట్-గ్రబ్ కమాండ్ ఫెడోరాలో ఉండదు. అది నిజానికి గ్రబ్-ఎంకేకాన్ఫిగ్‌ను పిలిచే చిన్న స్క్రిప్టే. ఫెడోరాలో గ్రబ్2-ఎంకేకాన్ఫిగ్ వాడి, ఫలితాన్ని /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ లోకి రాయించాలి. పాత వ్యాసాలు చూసి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లుండే డిస్క్ భాగం) ఫెడోరా ఫోల్డర్‌లోని గ్రబ్.సీఎఫ్‌జీ మీద రాయించకండి. ఫెడోరా 34 నుంచి అది అసలు ఫైలుకు దారి చూపే నాలుగు లైన్ల ఫైలు మాత్రమే.

అసలు తేడా కెర్నల్ ఎంట్రీల్లో ఉంది. ఫెడోరా 30 నుంచి (2019) ఒక్కో కెర్నల్‌కు /బూట్/లోడర్/ఎంట్రీస్‌లో ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. గ్రబ్ మెనూ వాటిని చదివి చూపిస్తుంది. ఉబుంటు ఫైలును అతికిస్తే, వాటిని చదవమని చెప్పే గ్రబ్_ఎనేబుల్_బీఎల్ఎస్‌సీఎఫ్‌జీ లైను పోతుంది, ఎంకేకాన్ఫిగ్ నడిపాక మెనూ ఆ ఫైళ్లను చూడడం మానేస్తుంది. కెర్నల్ ఆప్షన్ చేర్చాలంటే నేను గ్రబ్బీ కమాండ్‌నే నమ్ముతాను: అప్‌డేట్-కెర్నల్‌కు ఆల్ అని, ఆర్గ్స్‌కు మీ ఆప్షన్ ఇస్తే ఉన్న కెర్నల్స్ అన్నిటికీ ఒకేసారి చేరుతుంది. గ్రబ్ కస్టమైజర్ లాంటి బొమ్మల టూల్స్‌ను ఇక్కడికి తేవద్దు.

విండోస్ ముందు ఎక్కాలనుకునేవాళ్లు మెనూలో దాని వరుస నంబర్ ఇవ్వకండి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కొత్తగా వేసినప్పుడు ఒక కెర్నల్, ఒక రెస్క్యూ (అత్యవసరానికి వాడే ఎంట్రీ) ఉంటాయి కాబట్టి విండోస్ నంబర్ 2. ఫెడోరా మామూలుగా మూడు కెర్నల్స్ ఉంచుతుంది. రెండు అప్‌డేట్లు వచ్చేసరికి విండోస్ 4కు దిగుతుంది, 2 దగ్గర పాత కెర్నల్ కూర్చుంటుంది. గ్రబ్.సీఎఫ్‌జీలో విండోస్ లైను చివర ఓఎస్‌ప్రోబర్-ఈఎఫ్‌ఐ అని మొదలయ్యే గుర్తు ఉంటుంది. గ్రబ్2-సెట్-డీఫాల్ట్ కమాండ్‌కు అది ఇవ్వండి, ఎన్ని కెర్నల్స్ వచ్చినా ఆ గుర్తు మారదు. ఫెడోరా బదులు డెబియన్ 12 వేస్తే విండోస్ లైనే రాకపోవచ్చు. గ్రబ్ 2.06 నుంచి, పక్క ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్‌ను ఫాల్స్ చేసి మళ్లీ మెనూ రాయించాలి.

ఇక కరెంటు సంగతి. గాలివాన వస్తే లైను పోయే మన ఊళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఉబుంటులో బూట్ మధ్యలో ఆగితే మరుసటిసారి మెనూ 30 సెకన్లు ఆగుతుంది. దాన్ని తగ్గించేది గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమవుట్. ఫెడోరాకు ఆ లైను తెలియదు. లాగిన్ అయి రెండు నిమిషాలు నిలిస్తేనే బూట్ సరిగ్గా అయిందని అది గుర్తు వేసుకుంటుంది. అందుకే ఒక్కటే ఓఎస్ ఉండి, మెనూ దాగి ఉండే మెషీన్‌లో, లాగిన్ అయిన వెంటనే కరెంటు పోతే తర్వాతసారి మెనూ పైకి వస్తుంది. అది పాడైన గుర్తు కాదు. విండోస్‌ను తర్వాత చేర్చినందువల్ల మెనూ ఎప్పటికీ రాకపోతే గ్రబ్2-ఎడిట్‌ఎన్వ్ కమాండ్‌తో, మెనూను దాచే మెనూ_ఆటో_హైడ్‌ను తీసేయండి.

చివరికి మిగిలేది పాత ఉబుంటు ఎంట్రీ. పార్టిషన్ చెరిపినా మదర్‌బోర్డు దాన్ని మరచిపోదు. బూట్ వరుసలో అదే ముందుంటే, లేని పార్టిషన్ కోసం వెతికి గ్రబ్ నల్లతెర మీద ఆగిపోతుంది. బూట్ వరుసను చూపే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌లో దాని నంబర్ చూసి, చిన్న బీతో నంబర్ ఇచ్చి, పెద్ద బీతో చెరపండి. ఆ తర్వాత ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని ఉబుంటు ఫోల్డర్‌ను తీసేయవచ్చు. పక్కనే ఉండే మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి, విండోస్ ఎక్కేది దాంట్లోంచే.