లే నుంచి మెండి దాకా, సంగుమా బాధితుల దారిలో

పాపువా న్యూ గినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీ నుంచి కొండ జిల్లాలకు రోడ్డు లేదు. విమానంలో లే అనే పట్టణం చేరి హైలాండ్స్ హైవే పట్టుకున్నాం. మార్కమ్ లోయలో రోడ్డు పక్కన వేరుశనగ కట్టలు అమ్ముతుంటారు. కాసమ్ కనుమ ఎక్కాక చలి మొదలు. కైనాంటు, గొరోకా, దౌలో కనుమ, కుండియావా, మౌంట్ హేగెన్, చివరికి మెండి. చరియలు విరిగిన చోట లారీలు గంటలకొద్దీ నిలబడిపోతాయి. చేతబడి చేశారన్న అనుమానంతో జనం దాడి చేస్తే కాలిన గాయాలతో తప్పించుకున్న మనిషి ఆసుపత్రికి పోవాల్సిందీ ఈ రోడ్డు మీదే.

ఈ చేతబడినే మనవాళ్లు బాణామతి, చిల్లంగి అన్నట్టు అక్కడ సంగుమా అంటారు. ఎవరైనా, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లు, హఠాత్తుగా పోతే హౌస్ క్రాయ్ వేస్తారు, అంటే ఏడుపు పందిరి. అక్కడే అనుమానం పుడుతుంది. డబ్బు పుచ్చుకుని 'ఫలానావాళ్లే చంపారు' అని చెప్పేవాడు గ్లాస్‌మన్. అందుకే అనుభవమున్న కార్యకర్తలు దాడి జరిగేదాకా ఆగరు. చావు కబురు అందగానే పందిరి దగ్గరికి పోయి కూర్చుంటారు, చావుకి కారణమేమిటో ఆసుపత్రి వాళ్లచేత చెప్పిస్తారు. చావుకి, పాతిపెట్టడానికి మధ్య రోజులే గండం.

2013 ఫిబ్రవరిలో మౌంట్ హేగెన్‌లో కెపారి లెనియాటా అనే యువతిని జనం చూస్తుండగా తగలబెట్టారు. చేతబడిని నేరంగా చూసిన 1971 నాటి సోర్సరీ చట్టాన్ని ఆ ఏడే రద్దు చేశారు. గ్లాస్‌మన్ పనిని నేరం చేసింది 2022లో. చట్టం కాగితం మీద బాగానే ఉంది. పోలీసుల దగ్గరికి ఫిర్యాదుకి పోతే 'బండికి డీజిల్ లేదు' అనే జవాబు మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది.

విదేశీ సాయం బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. లేలో హింస బాధితులకు సాయపడే ఫెమిలి పీఎన్‌జీ కేంద్రం 2014 నుంచి ఆస్ట్రేలియా డబ్బు అండతో నడుస్తోంది. ఆసుపత్రి, పోలీసు, కోర్టు, ఆశ్రయం, ఈ నాలుగు గుమ్మాలకీ బాధితురాలి వెంట ఒకే మనిషి తిరుగుతుంది. వరస ముఖ్యం. ముందు గాయాలకు కట్టు, ధనుర్వాతం సూది. అత్యాచారం కూడా జరిగి ఉంటే హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. డాక్టరు రిపోర్టు అప్పుడే రాయించాలి. వారం తర్వాత పోతే రాయడానికి గాయం మానిపోయి ఉంటుంది. కోర్టు ఇచ్చే తాత్కాలిక రక్షణ ఉత్తర్వు కుటుంబ హింసకు సంబంధించింది. కొట్టినవాడు పక్క ఊరివాడైతే దాన్ని నమ్ముకోలేం, మనిషిని అక్కణ్ణుంచి తరలించడమే దారి.

తరలింపు ఖర్చులో పెద్ద పద్దు విమానం టికెట్టు. ఆ తర్వాత రాత్రి బండి, డ్రైవరు, ఫోన్‌లో బ్యాలెన్సు. దాతల పద్దుల్లో వర్క్‌షాపులకు సులువుగా చోటు దొరుకుతుంది, అర్ధరాత్రి డీజిల్‌కి దొరకదు. మా లెక్కలో ఈ సాయానికున్న పెద్ద జబ్బు అదే.

మెండిలో స్విస్ సన్యాసిని లొరెనా జెనాల్ నడిపే ఆశ్రయానికి జర్మనీలోని ఆహెన్‌కు చెందిన మిసియో అనే కాథలిక్ సాయ సంస్థ డబ్బు ఇస్తోంది. ఆగస్టు 10ని మంత్రగత్తెల వేటకు వ్యతిరేక దినంగా 2020లో మొదలుపెట్టిందీ వాళ్లే. ఆశ్రయంలో ఎన్నాళ్లు ఉంచాలన్నది ఒక చిక్కు, బయటికి పంపాక తిండి ఎలా అన్నది అంతకన్నా పెద్ద చిక్కు. భూమి వంశానిది. వాంటోక్, అంటే సొంత భాషవాళ్లు, ఒప్పుకుంటేనే కొత్త ఊళ్లో సాగుకి నేల చెక్క దొరుకుతుంది. చెక్క దొరికినా ఆ చలిలో చిలగడదుంప ఊరడానికి అయిదారు నెలలు పైనే పడుతుంది. నెలకు సరిపడా బియ్యం, చేపల డబ్బాలు చేతిలో పెట్టి పంపేస్తే రెండో నెలలో ఆమె పొయ్యి మీద ఏం పెట్టాలి?