ప్లేటులో వెలుగు పెరిగితే ముందు అనుమానించండి

యోగి వేమనలోనో, శ్రీకృష్ణదేవరాయలోనో ఎమ్మెస్సీ చేసి మైక్రోఆర్‌ఎన్‌ఏలను అడ్డుకునే మొక్కల కాంపౌండ్లు వెతకడానికి విదేశంలో ఇక్కడి ల్యాబులకొచ్చే మన కడప, అనంతపురం పిల్లలకు ముందుగా ఒక మాట. శేషాచలం కొండల ఆకూ బెరడూ సూట్‌కేసులో తేవద్దు. విదేశీ ల్యాబు మన మొక్కలపై పరిశోధన చేయాలంటే, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. ఎర్రచందనానికైతే సైటిస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలూ ఉన్నాయి. శుద్ధిచేసిన కర్‌క్యుమిన్, రెస్వెరట్రాల్ లాంటి మొక్కల కాంపౌండ్లు సీసాల్లోనే దొరుకుతాయి. వాటితో చేయి తిరగనివ్వండి.

మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే దాదాపు 22 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ ముక్క. తనకు జతపడే ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ) నుంచి ప్రొటీన్ తయారవకుండా ఆపుతుంది. మిర్-21 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ అతుక్కునే వరుసను, ఫైర్‌ఫ్లై లూసిఫరేజ్ (మిణుగురుకు వెలుగిచ్చే ఎంజైము) జన్యువు వెనక, ప్లాస్మిడ్ అనే డీఎన్‌ఏ వలయంలో పెట్టి, హీలా అనే మనిషి క్యాన్సర్ కణాల్లోకి పంపుతాం. వాటిలో మిర్-21 దండిగా ఉంటుంది కాబట్టి వెలుగు తక్కువ. కాంపౌండ్ దాన్ని అడ్డుకుంటే వెలుగు పెరగాలి. అదే ప్లాస్మిడ్‌లోని రెనిల్లా (వెలుగిచ్చే మరో లూసిఫరేజ్) వెలుగుతో భాగిస్తే, కణాల సంఖ్యలో తేడా చాలావరకు సర్దుకుంటుంది.

డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కాంపౌండ్‌ను 10 మిల్లీమోలార్ స్టాక్ చేసుకోండి. 1 మైక్రోలీటరును 99 మైక్రోలీటర్ల మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం)లో కలిపి, అందులోంచి 10 తీసి, కణాలతో 90 మైక్రోలీటర్ల మీడియమున్న ప్లేటు బావి (చిన్న గుంట)లో వేస్తే 10 మైక్రోమోలార్, 0.1 శాతం డీఎంఎస్‌ఓ అవుతుంది. మధ్యలో తెల్లగా మసకబారిందా, కాంపౌండ్ కరగకుండా రేణువులుగా బయటికొచ్చినట్టే. ఆ రీడింగు నమ్మొద్దు. 96 బావుల ప్లేటులో అంచు బావులు త్వరగా ఆరిపోతాయి, వాటిలో ఉత్త మీడియం పోయండి. శుక్రవారం కాంపౌండ్ వేస్తే 48 గంటల రీడింగు ఆదివారం పడుతుంది, ఆరోజు బస్సులు తక్కువ. మంగళవారం వేసుకోండి.

అసలు చిక్కు ఇక్కడుంది. రెస్వెరట్రాల్ ఫైర్‌ఫ్లై లూసిఫరేజ్‌కే అతుక్కుంటుంది. అలా అతుక్కునేవి కణంలో ఆ ఎంజైమును త్వరగా విరగనివ్వవు. ఎంజైము పోగవుతుంది, వెలుగు పెరుగుతుంది, మిర్-21తో సంబంధమే ఉండదు! మన పసుపులోని కర్‌క్యుమిన్ తీరు వేరు: సీరం లేని 7.2 పీహెచ్ బఫర్‌లో, 37 డిగ్రీల వద్ద, అరగంటలోనే దాదాపు 90 శాతం విరిగిపోతుంది. పైగా దానికి సొంత రంగూ, మెరుపూ ఉన్నాయి.

అందుకే మిర్-21 వరుస చెరిపేసిన ప్లాస్మిడ్‌తో పక్కనే ఇంకో ప్లేటు తప్పనిసరి. అక్కడా వెలుగు పెరిగితే ఆ హిట్ (పనిచేసినట్టు కనిపించిన కాంపౌండ్) తప్పుడుదే. సూపర్‌వైజరు ఎంత ఉత్సాహంగా ఉన్నా మనవైపు అలవాటులా తలూపొద్దు. రెండు ప్లేట్లూ ముందు పెట్టి చెప్పండి, ఇక్కడ దాన్ని ఎదురుచెప్పడం అనుకోరు. నిలబడిన కాంపౌండ్‌కే క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ మోతాదు కొలిచే పద్ధతి)తో మిర్-21నూ, వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ కొలిచే పద్ధతి)తో అది అణిచే పీడీసీడీ4 ప్రొటీన్‌నూ కొలవండి. ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు మామూలు కాలమ్ వాడితే ఈ చిన్న ముక్కలు జారిపోతాయి; చిన్న ఆర్‌ఎన్‌ఏల కిట్టే అడిగి తెప్పించుకోండి.