తలుపు తిరగేశాం, బేసిన్ పీకేశాం

మా సత్యనారాయణపురం ఫ్లాట్‌లో కామన్ బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అందులోనే కమోడ్, బేసిన్, గీజర్, నీళ్ళ డ్రమ్ము, బట్టల బకెట్, అత్తయ్యగారు కూర్చుని స్నానం చేసే స్టూలు. డ్రమ్ము నిండుగా లేకపోతే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు కాబట్టి దాని జోలికి ఎవరం వెళ్ళలేదు. బాత్రూమ్ బాగుచేయిద్దామని వీడియోల్లో చూస్తే అద్దం వెనక అల్మరా, మూల మూలకీ అరలు. మాకు కావాల్సింది అరలు కాదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అటూ ఇటూ తిరగడానికి చోటు, కాళ్ళ కింద పొడి నేల.

మొదట తలుపు సంగతి. లోపలికి తెరుచుకునే రెండుంపావు అడుగుల తలుపుకి అంత నేలా వదిలేయాల్సి వచ్చేది. పైగా లోపల ఎవరైనా పడిపోతే, ఆ మనిషే తలుపుకి అడ్డం. బయటివాళ్ళు తోయడానికి ఉండదు. "బయటికి పెడితే తలుపు తడి హాల్లో కారుద్దమ్మా" అన్నాడు మేస్త్రీ. నిజమే, కారుతోంది. ఒక పట్టా వేశాం, అయిపోయింది. గడియ మాత్రం బయటినుంచి కూడా తీయగలిగేది పెట్టించాం.

తర్వాత బేసిన్. భోజనాల బల్ల పక్కన చేతులు కడుక్కునే బేసిన్ ఎలాగూ ఉంది, లోపల ఇంకోటి దేనికి? మావారు గడ్డం గీసుకోవడం ఎక్కడని రెండు పూటలు అలిగారు. బయట బేసిన్ మీద పెద్ద అద్దం బిగించాక ఆ ఊసే లేదు. ఖాళీ అయిన గోడకి అత్తయ్యగారి కోసం స్టీలు పట్టుకమ్మీ వచ్చింది, నేలనుంచి దాదాపు మూడడుగుల ఎత్తున. టవల్ రాడ్డు ఉంది కదా, అది పట్టుకుంటే చాలదా అని మా ఆడపడుచు అడిగింది. చాలదు. టవల్ రాడ్డు టవల్ బరువుకే. మనిషి బరువు ఆగాలంటే స్క్రూలు టైల్ దాటి ఇటుకలోకి గట్టిగా దిగాలి.

డబ్బు ఎక్కువగా పోయింది నేలకే, పోవాల్సిందీ అక్కడే. పాత నేల మధ్యలో నీళ్ళు మడుగు కట్టేవి. అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వమన్నాం. అంటే తలుపు దగ్గర్నుంచి చివర నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్ దాకా ఏడడుగులకి రెండంగుళాలకి కాస్త తక్కువ. టైల్స్ అంటించే ముందే బకెట్ నీళ్ళు గుమ్మరించి, ఎటు పోతున్నాయో నిలబడి చూశాను. మేస్త్రీకి నచ్చలేదు, నచ్చక్కర్లేదు. టైల్స్ గరుకువి, లేత బూడిద రంగువి. నల్లటి నున్నటివి షాపులో ఎంత బాగున్నా, మా బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మరకలే. ఆ మరకలకి యాసిడ్ పోయొద్దు, సందుల్లో సిమెంటు తినేస్తుంది, కుళాయిల మెరుపు పోతుంది.

పదిహేను లీటర్ల గీజర్ తీసేసి మూడు లీటర్లది పెట్టాం. విజయవాడలో మే నెలలో ట్యాంకు నీళ్ళే ఒళ్ళు కాలుస్తాయి, గీజర్ పని చలికాలానికే. మూడు వేల వాట్లది కాబట్టి లెక్క కడితే ఇరవై లీటర్ల బకెట్ పదిహేను డిగ్రీలు వేడెక్కడానికి ఏడు నిమిషాలు. షవర్ అలవాటున్న ఇంటికి ఇది చాలదు. మావన్నీ చెంబు స్నానాలు. దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగ్గ వైరు, షాక్ కొడితే వెంటనే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ తప్పవు.

అద్దాల పార్టిషన్ వద్దనుకున్నాం. నాలుగడుగుల్లో అద్దమంటే మోచేతులకి దెబ్బలే. ప్లాస్టిక్ కర్టెన్ చాలు. కిటికీ మీద ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించారు గానీ మొదట్లో గాలే లాగలేదు, తలుపు కింద సందు లేక. వడ్రంగి వచ్చి అర అంగుళం కోసి వెళ్ళాడు. ఇప్పుడు స్నానమయ్యాక పావుగంట తిరిగితే నేల ఆరిపోతోంది.