పాస్టీ అంచు ఎవరి వాటా?

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. అయినా ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని జీవోర్ తగరం గనిలో మూడుసార్లు తల కొట్టుకున్నాను, హెల్మెట్టు కాపాడింది. గని 1990లో మూతపడింది, ఇప్పుడు ప్రదర్శనశాల. పర్యాటకులను తీసుకెళ్లే సొరంగాలు మాత్రం 18వ శతాబ్దం నాటివి. నడుం వంచి, గోడలు భుజాలకు రాసుకుంటూ నడిచాక, ఇవి మనుషుల కొలతకు తవ్వినవేనా అని అనుమానం వచ్చింది.

నాకర్ల కొలతకైతే సరిపోతాయి. అక్కడి జానపద కథల్లో రాతి లోపల కాపురముండే జానెడు మనుషులు వాళ్లు. గోడలోంచి టక్ టక్‌మని చప్పుడైతే, మంచి ఖనిజం ఉన్న చోటు చెబుతున్నారనో, పైకప్పు కూలబోతోందనో గనివాళ్లు అర్థం చేసుకునేవారు. రెండింట్లో ఏదో తేల్చుకోవడం విన్నవాడి తలరాత! లోపల ఈల వేస్తే వాళ్లకు కోపం. తిండిలో వాటా పెట్టకపోతే ఇంకా కోపం. అందుకే గనివాళ్లు పాస్టీ తిని, చివరి అంచు ముక్కను చీకట్లోకి విసిరేవారట. పాస్టీ అంటే మాంసం, దుంపలు కూరిన పెద్ద కజ్జికాయ అనుకోండి, అంచు మడత కూడా అచ్చం అలాగే ఉంటుంది. చేతికంటిన విషపు దుమ్ము కడుపులోకి పోకుండా అంచు పారేసేవారని ఇంకో వివరణ ఉంది. నాకు నాకర్లే నచ్చారు.

దానికి కారణముంది. మా తాతయ్య కోలార్ బంగారు గనుల్లో పనిచేశారు. అక్కడికి 19వ శతాబ్దం చివర్లో కార్న్‌వాల్ గనివాళ్లు ఎందరో వచ్చారు. తాతయ్య రోజుల నాటికి వాళ్లు లేరు. కానీ ఆయన లోపల అన్నం విప్పగానే ఒక ముద్ద పక్కన పెట్టేవారట. “ఎవరికి తాతయ్యా?” అంటే, “ఉన్నవాళ్లకి” అనేవారు. అంతకుమించి చెప్పేవారు కాదు.

మర్నాడు మెన్-ఆన్-టోల్ చూడటానికి బీడు భూముల్లోకి వెళ్లాను. నడుమ గుండ్రటి కన్నమున్న రాయి, అటూ ఇటూ నిలువు రాళ్లు. ఎముకలు వంగిన పిల్లలను ఆ కన్నంలోంచి దాటిస్తే నయమవుతుందని నమ్మేవారు. ఇక్కడ నేలమీద పిస్కీలనే చిట్టి మాయ మనుషుల రాజ్యం, బాటసారులను దారి తప్పించడం వాళ్లకు సరదా. పొగమంచు కమ్మింది. ఒకే చెక్క గేటు దగ్గరికి రెండుసార్లు వచ్చాక, పిస్కీలకు ఊరివాళ్లు చెప్పే విరుగుడు గుర్తొచ్చి కోటు తిరగేసి తొడుక్కున్నాను. చిరిగిన లైనింగు గాలికి ఊగుతుండగా కుక్కతో ఒక పెద్దాయన ఎదురయ్యారు. కోటు వంక చూశారు, ఏమీ అడగలేదు. చేత్తో దారి చూపించి సాగిపోయారు.

పాత సమాధి దిబ్బలకు కాపలా కాసే స్ప్రిగ్గన్లు, కావాలంటే కొండంత ఉబ్బగలరట, నా జోలికి రాలేదు.

ఆ సాయంత్రం న్యూలిన్ రేవులో బల్లమీద కూర్చుని పాస్టీ తిన్నాను. ఇక్కడ సముద్రం బక్కా అనే సముద్ర భూతానిది. పూర్వం జాలర్లు పట్టిన చేపల్లో దాని వాటా ఇసుకమీద వదిలి వెళ్లేవారు. అంచు ముక్కను బక్కాకు ఇవ్వాలా, నాకర్లకు దాచాలా అని ఆలోచిస్తూ బల్ల చివర పెట్టానో లేదో, సీగల్ ఒకటి తన్నుకుపోయింది. తాతయ్య తద్దినం రోజు పెరటి గోడమీద ముద్ద పెట్టి, కాకి కోసం గంటసేపు నిలబడేవాళ్లం. ఇది క్షణం కూడా ఆగలేదు.