చందమామకి వయసెంత? కొరియన్ నేర్చుకున్న నా అనుభవం

సియోల్‌లో మొదటి లెవెల్ ఓరల్ పరీక్ష. "చందమామ అందంగా ఉంది" అన్నాననుకున్నాను. టీచర్ గారు నవ్వి, "అమ్మాయికి ఎన్నేళ్లు?" అని అడిగారు. తాల్ అంటే చంద్రుడు, త్తాల్ అంటే కూతురు, థాల్ అంటే మొహానికి పెట్టుకునే మాస్కు. నా నోట్లో మూడూ ఒకటే. రోజుకి 4 గంటల చొప్పున 10 వారాలు కూర్చుని మరీ ఫెయిలయ్యాను. ఫీజు మళ్లీ కట్టాలి.

విచిత్రమేమిటంటే, వ్యాకరణంలో మంచి మార్కులే వచ్చాయి. క్రియ చివర రావడం, విభక్తులు నామానికి అతుక్కోవడం మనకి కొత్తేం కాదు. వాక్యం చివర వాళ్లు తగిలించే 'యొ' అచ్చం మన 'అండి'. "తాతగారు వచ్చారండి" అన్నప్పుడు 'రు' తాతగారికి, 'అండి' ఎదుటివాళ్లకి అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కన కూర్చున్న అమెరికా కుర్రాడికి అదే పెద్ద టెన్షన్.

ఈ పోలిక ముందే పట్టినవాడు హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్. 1886లో ఇంగ్లిష్ చెప్పడానికి వచ్చి, తర్వాత మెథడిస్టు మిషనరీ అయ్యాడు. కొరియన్‌నీ ద్రావిడ భాషలనీ పోలుస్తూ 1905లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఆ చుట్టరికాన్ని ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఫెయిలైన వారం యాంగ్‌హ్వాజిన్‌లోని విదేశీ మిషనరీల సమాధుల దగ్గరికి వెళ్లాను. హల్బర్ట్ అక్కడే ఉన్నాడు, అండర్‌వుడ్ అనే ఇంకో అమెరికన్ మిషనరీ కూడా. 1885లో ఓడ దిగిన అండర్‌వుడ్‌కి క్లాసూ లేదు, సిలబసూ లేదు. అంతకుముందు ఫ్రెంచి ఫాదర్లకి పాఠం చెప్పిన ఒక కొరియన్ గురువు దగ్గర నేర్చుకుని, 1890లో వాడుక కొరియన్ వ్యాకరణం, చిన్న నిఘంటువు యొకొహామాలో అచ్చు వేయించాడు. ఆయన పెట్టిన కాలేజీయే తర్వాత యొన్సె యూనివర్సిటీ అయింది. 1959లో అక్కడ కొరియన్ నేర్పే కేంద్రం తెరిచినప్పుడు, మొదట్లో చేరినవాళ్లు ఎక్కువగా మిషనరీలే. పుస్తకాల మీద శిష్యుల పేర్లున్నాయి. ఆ గురువుల పేర్లు ఎంతమందికి తెలుసు?

రెండోసారి క్లాసులో టీచర్ గారు నా నోటి ముందు టిష్యూ పేపర్ పట్టుకున్నారు. థాల్‌కి అది ఎగరాలి, త్తాల్‌కి కదలకూడదు, తాల్‌కి కాస్త వణకాలి. మన థకారం రాతలోనే గానీ నోట్లో ఎక్కడుంది? వారం రోజులు అద్దం ముందు పేపర్ పట్టుకుని ఊదుతుంటే రూమ్మేట్ భయపడ్డాడు.

మళ్లీ పరీక్ష, మళ్లీ అదే చందమామ. ఈసారి టీచర్ గారు వయసు అడగలేదు.